చిట్టెలుక, అమ్మ మాత్ర, పాలక్యాను నిండా రక్తం

కిరాణా కొట్లో ఎలుకల మందు అడిగి చూడండి. కొట్టాయన ధర చెప్పేముందు ఒక ప్రశ్న వేస్తాడు. “ఇంట్లో చచ్చేది కావాలా, బయటికెళ్ళి చచ్చేది కావాలా?” తెనాలిలో అడిగినా హైదరాబాదులో అడిగినా నాకు ఇదే ప్రశ్న ఎదురైంది. ఎవరైనా రెండోదే తీసుకుంటారు. అట్టపెట్టెలో నీలం రంగో ఆకుపచ్చ రంగో ఉన్న బిళ్ళలు చేతిలో పెట్టి, “తింటుంది, దాహమేసి బయటికి పోతుంది, అక్కడే పోతుంది” అంటాడాయన, తను కళ్ళారా చూసినట్టు.

ఆ మాటలో సగమే నిజం. ఎలుక బయటికి పోతుందన్న హామీ ఏదీ లేదు. అటక మీదో, ఫ్రిజ్ వెనకో, గోడ సందులోనో పడి ఉంటే వారం తరవాత వాసనే చెబుతుంది. నిజమైన సగం ఏమిటంటే, తిన్న వెంటనే అది చావదు. మూడు రోజులు పట్టొచ్చు, వారం పట్టొచ్చు. అది మందులో లోపం కాదు, మందులోని తెలివంతా ఆ ఆలస్యంలోనే ఉంది. అక్కడికి చేరడానికి మనిషికి కొన్ని వేల ఏళ్ళు పట్టింది. నేనీ చరిత్ర వెనక పడ్డది ఎలుకల కోసం కాదు, మా అమ్మ కోసం. ఆ సంగతికి తరవాత వస్తాను.

ఎలుక మనింటికి ఎప్పుడొచ్చింది? వ్యవసాయం మొదలై, గింజలు నిలవ చేసుకున్నాక వచ్చిందని చాలాకాలం అనుకున్నారు. ఇప్పటి ఇజ్రాయెల్ ప్రాంతంలో తవ్వకాల్లో దొరికిన చిట్టెలుకల పళ్ళను కొలిచి చూసిన పరిశోధకులు 2017లో వేరే లెక్క చెప్పారు. దాదాపు 15,000 ఏళ్ళ కిందటే, సేద్యం ఇంకా పుట్టకముందే, వేటాడుకునే మనుషులు ఒకచోట ఎక్కువకాలం కాపురం పెట్టిన ప్రతిసారీ అక్కడ ఇంటి ఎలుక పెరిగింది. వాళ్ళు మళ్ళీ తిరుగుళ్ళు మొదలుపెడితే అది తగ్గిపోయి, అడవి ఎలుక ఆ చోటు తీసుకుంది. అంటే మన గింజల కంటే ముందు మన నిలకడ దానికి నచ్చిందన్నమాట. పిల్లి చాలా ఆలస్యంగా వచ్చింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ నాటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లినీ పూడ్చారు. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు కాబట్టి దాన్ని ఎవరో పడవెక్కించి తీసుకొచ్చి ఉండాలి. ఇన్ని వేల ఏళ్ళ సావాసం తరవాత కూడా మా వీధి పిల్లి ఎలుకని చూసి పక్కకి జరిగి కూచుంటుంది, అది వేరే విషయం.

పేర్లలో కూడా ఈ పాత కాపురం కనబడుతుంది. మూషికం అన్న మాటని దొంగతనం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి చెబుతారు. ఇంగ్లీషు మౌస్ దానికి దాయాది. మనం ఇంగ్లీషుకి ఇచ్చిన మాట ఇంకా గమ్మత్తైంది. పందికొక్కు కాస్తా తెల్లవాళ్ళ నోళ్ళలో బాండికూట్ అయింది. ఆ తరవాత ఆస్ట్రేలియాలో దీనికి ఏ సంబంధమూ లేని, పొట్టసంచీలో పిల్లల్ని మోసే ఒక జంతువుకి ఆ పేరు తగిలించారు. తెనాలి గాదె కింద తవ్వుకునే ప్రాణి పేరు పాపం వేరే ఖండంలో ఎవరికో పోయింది.

విషం ఇంటింటికీ రాకముందు ఎలుకని వదిలించుకోవడమంటే దాని ముఖం చూడాల్సిందే. మా అమ్మమ్మ ఇంట్లో చెక్కబోను ఉండేది. కొక్కేనికి ఎండుకొబ్బరి ముక్కో, మిగిలిన పకోడీనో గుచ్చేవాళ్ళు. అర్ధరాత్రి టపీమని చప్పుడయ్యేది. పొద్దున్నే బోనుని బకెట్లో ముంచడానికి ఎవరో ఒకరు కావాలి. ఇంట్లో మగవాళ్ళందరికీ సరిగ్గా అప్పుడే పని గుర్తొచ్చేది. చివరికి అమ్మమ్మే కొంగు బిగించేది.

పొలంలో ఆ పని యానాదులది. నెల్లూరు నుంచి కృష్ణా దాకా వరిచేలల్లో కన్నం చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పగల జ్ఞానం వాళ్ళది. మిగతా కన్నాలు మూసేసి, కుండలో గడ్డి రాజేసి, కుండ అడుగున బెజ్జంలోంచి ఊది పొగని కలుగులోకి తోలతారు. తవ్వి తీసిన ఎలుక వాళ్ళకి కూర, కలుగులో అది దాచుకున్న వడ్లు వాళ్ళకి కూడు. రైతు పంట నిలబెట్టిన ఈ విద్యని ఊరు పనిగా వాడుకుంది, తిండిగా మాత్రం వెక్కిరించింది. ఎలుకని చంపినవాణ్ణి కాదు, తిన్నవాణ్ణే ఎందుకు తక్కువ చేశారో నాకెప్పుడూ అర్థం కాలేదు. అర్థం కాలేదనడం మర్యాద కోసం. కులం సంగతి మనకి తెలిసిందే.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో విలియం హుకర్ అనే ఆయన పలకా స్ప్రింగూ ఉన్న బోనుకి 1894లో పేటెంటు తీసుకున్నాడు. కొన్నేళ్ళకే ఇంగ్లండులో, లీడ్స్ పట్టణంలో, జేమ్స్ అట్కిన్సన్ తనదైన పలకబోను చేశాడు. అమెరికా పేటెంటు ఆఫీసు ఇప్పటిదాకా ఎలుకల బోనులకి నాలుగు వేలకు పైగా పేటెంట్లు ఇచ్చింది. వాటిలో డబ్బు చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. చెక్క, తీగ, ఇంత జున్నుముక్క, అంతకు మించి కనిపెట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

అసలు చిక్కంతా విషం దగ్గర. పాషాణం, ముష్టిగింజల నుంచి తీసే స్ట్రిక్నిన్, ఇరవయ్యో శతాబ్దంలో జింక్ ఫాస్ఫైడ్, అన్నీ గంటల్లో చంపుతాయి. చంపుతాయి గానీ ఇల్లు ఖాళీ కాదు. ఎలుక వాంతి చేసుకోలేదు. ఆ లోటుని అది జాగ్రత్తతో పూడ్చుకుంటుంది. ముఖ్యంగా పెద్ద ఎలుక కొత్త తిండిని చూస్తే ముందు దూరం జరుగుతుంది, తరవాత కొద్దిగా కొరికి ఆగుతుంది. కడుపులో తేడా చేసిందా, బతికి బయటపడితే ఆ రుచి జన్మలో ముట్టదు. చిట్టెలుకకి ఇంత అనుమానం ఉండదు గానీ ఒకచోట కూచుని తినే అలవాటూ ఉండదు. ఇరవై చోట్ల ఇరవై కొరుకులు, రోజు మొత్తానికి మూడు గ్రాములు. చాలినంత విషం లోపలికి పోకముందే అది వేరే డబ్బా దగ్గరికి వెళ్ళిపోయి ఉంటుంది. త్వరగా పనిచేసే విషం ఎలుకకి పాఠం చెబుతుంది. తినడానికీ నొప్పికీ మధ్య రోజులు గడిస్తే తప్ప ఎలుక ఆ రెంటినీ ముడిపెట్టకుండా ఉండదు. అలాంటి విషం దొరికింది, కానీ ఎలుకల కోసం వెతికితే కాదు.

1920లలో కెనడాలోనూ ఉత్తర అమెరికా మైదానాల్లోనూ పశువులు విచిత్రంగా చచ్చిపోవడం మొదలైంది. కొమ్ము కోస్తే, ఈత ఈనితే, చిన్న దెబ్బ తగిలితే నెత్తురు ఆగేది కాదు. ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు మూలం పట్టుకున్నాడు. పశువులు మేసే స్వీట్ క్లోవర్ అనే గడ్డి బూజు పట్టడమే కారణం. ఒకే మోపులోంచి మంచి కాడలు ఏరి ఒక కుందేలుకీ, బూజు కాడలు ఏరి ఇంకో కుందేలుకీ పెట్టి చూశాడు. మొదటిది బతికింది. కోసిన గడ్డికి కమ్మటి వాసననిచ్చే కూమరిన్ అనే పదార్థం ఆ మొక్కలో ఉంటుంది. బూజు దాన్నే నెత్తురు గడ్డకట్టనివ్వని విషంగా మార్చేస్తోంది. (ఈ స్కోఫీల్డ్ అంతకుముందు కొరియాలో ఉండి, 1919లో జపాను పాలన మీద కొరియన్ల తిరుగుబాటుకి అండగా నిలిచాడు. ఆయన సమాధి ఇవాళ సోల్‌లో జాతీయ శ్మశానంలో ఉంది. ఆయన మీదే వేరే వ్యాసం రాయొచ్చు.)

కారణం తెలిసినా రైతులు ఆ గడ్డి పారెయ్యలేదు. పారేస్తే ఇంకో గడ్డి కొనాలి, 1930ల మాంద్యంలో చేతిలో డబ్బేది? 1933 ఫిబ్రవరిలో ఒక శనివారం, మంచుతుఫాను మధ్య, విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు దాదాపు 300 కిలోమీటర్లు బండి నడుపుకుంటూ మాడిసన్ పట్టణానికి వచ్చాడు. బండిలో చచ్చిన పెయ్య, పాలక్యాను నిండా గడ్డకట్టని రక్తం, 100 పౌండ్ల బూజు గడ్డి. పశువైద్యాధికారి ఆఫీసు మూసి ఉంది. తలుపు తెరిచి ఉన్న చోటు వెతుక్కుంటూ వెళితే అది యూనివర్సిటీలో కార్ల్ పాల్ లింక్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ల్యాబు అయింది.

ఈ ఘట్టాన్ని లింక్ 1959లో తన వ్యాసంలో రాసుకున్నాడు. ఆ రోజు అతను రైతుకి చెప్పగలిగింది చాలా తక్కువ. ఆ గడ్డి పెట్టడం మానెయ్, వీలైతే మంచి పశువు రక్తం ఎక్కించు. అంతే. కార్ల్‌సన్ ఆ మంచులోనే మళ్ళీ 300 కిలోమీటర్లు వెనక్కి వెళ్ళాడు. అతని మిగతా పశువులు ఏమయ్యాయన్నదాని కంటే క్యానులో నెత్తురు ఏమైందన్నదే చరిత్రకెక్కింది. చరిత్ర రాసేది ల్యాబు వైపు కూచున్నవాళ్ళు కదా.

ల్యాబులో షోఫెల్ అనే సహాయకుడు ఆ సాయంత్రం నుంచే ఆ రక్తంతో కుస్తీ మొదలుపెట్టాడు. ఆరేళ్ళు పట్టింది. 1939 జూన్‌లో హెరాల్డ్ క్యాంప్‌బెల్ బూజు గడ్డి నుంచి స్ఫటికాలు తీశాడు. అదే డైకూమరాల్. 1940 కల్లా దాని నిర్మాణం తెలిసింది, త్వరలోనే మనుషుల్లో రక్తం గడ్డలు కట్టకుండా వాడడం మొదలైంది. గుర్తుంచుకోవాల్సింది ఇదే: ఈ కుటుంబంలో ముందు పుట్టింది మనుషుల మందు, ఎలుకల మందు కాదు.

1945లో లింక్‌కి జబ్బు చేసి క్షయ ఆసుపత్రిలో నెలల తరబడి పడుకోవాల్సి వచ్చింది. పడుకుని అతను చదివింది ఎలుకల నిర్మూలన చరిత్ర! అక్కడే ఆలోచన తట్టింది. ఎలుకకి తెలియకుండా రోజూ కొంచెం కొంచెం లోపలికి పోయి, నొప్పి లేకుండా కూడబెట్టుకుని, రోజుల తరవాత పనిచేసేది తన ల్యాబు అలమరల్లో ఉంది కదా అని. డైకూమరాల్ ఆ పనికి బలం చాలదు. దాని మీద తయారుచేసిన వందకి పైగా రూపాల్లో 42వ నంబరు సరిగ్గా కుదిరింది. పరిశోధనకి డబ్బిచ్చిన విస్కాన్సిన్ పూర్వవిద్యార్థుల ఫౌండేషను పేరులో పొడి అక్షరాలు కలిపి దానికి వార్ఫరిన్ అని పేరు పెట్టారు. 1948లో బజారులోకి వచ్చింది. అదే ఎర ఎలుక మళ్ళీ మళ్ళీ వచ్చి తింది, ఎందుకంటే నిన్న తిన్నప్పుడు ఏమీ కాలేదు.

మూడేళ్ళకి కథ మళ్ళీ మనిషి వైపు తిరిగింది. 1951లో ఒక అమెరికన్ సైనికుడు ఈ ఎలుకల మందు మింగాడు. ఆసుపత్రిలో రక్తం, విటమిన్ కె ఇస్తే కోలుకున్నాడు. దీనికి విరుగుడు ఉందని, లెక్క తెలిస్తే మనిషికి వాడొచ్చని డాక్టర్లకి ధైర్యం వచ్చింది. 1954లో అమెరికాలో అనుమతి దొరికింది. 1955లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చినప్పుడు ఇచ్చిన మందుల్లో వార్ఫరిన్ ఒకటి.

ఇక అమ్మ దగ్గరికి. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం అమ్మ గుండె కవాటాన్ని పాడుచేసింది. మన దేశంలో ఇది చాలామందికి తెలిసిన కథే. నలభై ఏడో ఏట లోహపు కవాటం వేశారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పక్కన పడుకుంటే టిక్ టిక్‌మని వినిపిస్తుంది. అప్పటినుంచి రోజూ సాయంత్రం వార్ఫరిన్ మాత్ర. నెలనెలా రక్తపరీక్ష, ఐఎన్ఆర్ 2.5, 3.5 మధ్య ఉండాలి. గోంగూర, మునగాకు, తోటకూర ఇష్టమొచ్చినట్టు తినకూడదు. వాటిలో విటమిన్ కె ఉంటుంది. మానక్కర్లేదు, వారం వారం ఒకే లెక్కలో ఉండాలి. గోంగూరని లెక్కలో తినమనడం గుంటూరు జిల్లా మనిషికి ఎంత శిక్షో చెప్పక్కర్లేదు.

ఒకరోజు అమ్మ ఫోను చేసింది. “ఏమే, నాకు వాళ్ళిచ్చేది ఎలుకల మందా?”

“ఎవరు చెప్పారు?”

“మీ పిన్ని. వాళ్ళల్లుడు ఫోన్లో చూపించాడంట. నిజమా కాదా అది చెప్పు.”

నిజమే మరి. కాదంటే అబద్ధం, అవునంటే మాత్ర ఆపేస్తుంది. తీరా చూస్తే అప్పటికే ఆపేసి అయిదు రోజులైంది. ఒంట్లో బాగానే ఉందని, అనవసరంగా ఇన్నేళ్ళు విషం మింగానని అమ్మ లెక్క. పరీక్ష చేయిస్తే ఐఎన్ఆర్ 1.6. లోహపు కవాటం మీద గడ్డ కడితే అది మెదడుకి పోవచ్చు, కవాటమే బిగుసుకుపోవచ్చు. డాక్టరు మళ్ళీ మాత్ర మొదలుపెట్టించి, అది అందుకునేదాకా పొట్ట మీద ఇంజెక్షన్లు ఇచ్చారు. అమ్మకి భయం పోలేదు. నోరు మూసుకుని మింగు అంటే మింగే మనిషి కాదు. అందుకే కూచుని ఇదంతా చదివాను. పాలక్యాను దగ్గర్నుంచి చెప్పుకొచ్చాను.

లివరు రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు తయారుచేయడానికి విటమిన్ కె కావాలి. ఒకసారి వాడిన విటమిన్ కె ఖాళీ గ్యాసుబండ లాంటిది, దాన్ని మళ్ళీ నింపి పంపే ప్లాంటు ఒంట్లోనే ఉంటుంది. వార్ఫరిన్ ఆ ప్లాంటు గేటుకి తాళం వేస్తుంది. అయితే నెత్తురులో ముందే తయారై తిరుగుతున్న సరుకు అయిపోవాలి కదా, దానికి కొన్ని రోజులు పడుతుంది. ఎలుక మూడో రోజు దాకా ఏమీ తెలియకుండా తిరిగేది అందుకే. అమ్మ మాత్ర ఆపిన మర్నాడు ఏమీ కాలేదని ధైర్యపడిందీ అందుకే. రెండు చోట్లా మోసం చేసింది ఒకటే ఆలస్యం.

“మరి దాన్ని చంపేది నన్ను చంపదా?”

కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఇరవై గ్రాముల చిట్టెలుక పాతకాలపు వార్ఫరిన్ ఎర, అంటే 0.025 శాతం మందున్నది, రోజుకి మూడు గ్రాములు తింటే దాని బరువుకి కిలోకి 37 మిల్లీగ్రాములు పడ్డట్టు. యాభై అయిదు కిలోల అమ్మకి అయిదు మిల్లీగ్రాముల మాత్రంటే కిలోకి 0.09. నాలుగు వందల రెట్ల తేడా. పైగా ఎలుకకి నెలనెలా రక్తపరీక్ష చేసి మోతాదు సరిచేసేవాళ్ళు లేరు. “అమెరికా ప్రెసిడెంటు కూడా మింగాడమ్మా” అని కూడా అన్నాను. “ఆయనకేం, పనివాళ్ళు అందిస్తే మింగాడు” అంది. అయినా ఆ సాయంత్రం మాత్ర వేసుకుంది. ఇంట్లో ఉన్న ఎలుకల బిళ్ళల పెట్టెని మాత్రం పారేయించి, మళ్ళీ బోను తెప్పించింది. కారణం అడిగితే చెప్పలేదు.

ఆ పెట్టెలో ఉన్నది వార్ఫరిన్ కాదు. బ్రోమాడియోలోన్, వార్ఫరిన్‌కి గట్టి తమ్ముడు. ఈ తమ్ముళ్ళు ఎందుకొచ్చారంటే అన్న ఓడిపోయాడు కాబట్టి. 1958లో స్కాట్లండు పొలాల్లో వార్ఫరిన్ తిని బతికే ఎలుకలు కనబడ్డాయి, కొద్దికాలానికే చిట్టెలుకలూ ఆ దారి పట్టాయి. 1970లలో బ్రోమాడియోలోన్, బ్రోడిఫకూమ్ లాంటివి వచ్చాయి. ఒకటి రెండు మేతలతోనే పని అయిపోతుంది, కానీ ఒంట్లోంచి తొందరగా పోవు. ఆ మందగించిన ఎలుకని ఎత్తుకుపోయిన గుడ్లగూబ లివరులో చేరి కూచుంటాయి. మన బదులు ఎలుకలు పట్టే పక్షి అది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టని మన సామెత ఊరికే పుట్టలేదు.

వార్ఫరిన్ తాళం వేసే ఆ గేటు ఏ జన్యువుదో 2004 దాకా తెలియలేదు. ఆ ఏడాది రెండు బృందాలు ఒకేసారి బయటపెట్టాయి. దాని పేరు వీకేఓఆర్‌సీ1. దానిలో మార్పులున్న ఎలుకలు విషం తిని బతుకుతాయి. దానిలోనే వేరే మార్పులున్న మనుషుల్లో కొందరికి తక్కువ మాత్ర చాలుతుంది, అరుదుగా కొందరికి ఎక్కువ కావాలి. ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద ఇద్దరికి మోతాదు వేరువేరుగా ఉండడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

2011లో ఇంకో సంగతి బయటపడింది. జర్మనీ, స్పెయిన్‌లలో కొన్ని ఇంటి ఎలుకలు ఈ జన్యువుని తమంతట తాము మార్చుకోలేదు, పరాయి జాతి నుంచి తెచ్చుకున్నాయి. అల్జీరియా ఎలుక అనేది పొలాల్లో గింజలు తిని బతికే వేరే జాతి. రెండూ విడిపోయి పదిహేను లక్షల ఏళ్ళు దాటింది. వాటికి పుట్టే మగపిల్లలు చాలావరకు గొడ్డుపోతాయి. అయినా ఎక్కడో కొన్ని సంకరాలు నిలబడ్డాయి, మన విషం మిగతావాటిని ఏరేసి ఆ కొన్నిటి సంతతిని పెంచింది.

ఇది కూడా అమ్మకి చెప్పాను. పచ్చడి కలుపుకుంటూ అంతా విని అడిగింది.

“అయితే రేపు ఎలుకలకి పనిచెయ్యకపోయినా నాకు పనిచేస్తుంది కదా?”

“చేస్తుంది. నెలనెలా చూస్తూనే ఉన్నాం కదా.”

“అయితే సరే. పదో తారీకు పరీక్షకి పోవాలి, ఆటో అతనికి ఫోను చెయ్యి.”